నానబెట్టిన జామపుల్లలు

పిచ్చయ్య చెప్పుల చప్పుడు పెరట్లో వినపడితే చాలు, వసారాలోని గూట్లోంచి వీకు వీకుమని రెండు గొంతులు లేచేవి. ఇప్పుడు ఒక్కటీ లేవడం లేదు. ఒకటి చచ్చిపోయింది. రెండోది నోరు మూసుకుని మూలకు కూర్చుంది.

గినీ పిగ్గులంటారు వాటిని. ఎలుక జాతే, కాకపోతే తోక ఉండదు. ఆయన భార్య పున్నమ్మ భద్రాచలం పోయి వస్తూ, బస్టాండు దగ్గర బుట్టలో పెట్టి అమ్ముతుంటే ముచ్చటపడి తెచ్చుకుంది. వీటి పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయనీ, అరగదీసుకోవడానికి ఏదో ఒకటి వెయ్యకపోతే నోరు ఆడక తిండి మానేసి చస్తాయనీ అమ్మినవాడు చెప్పాడు. చెప్పి, కొరుక్కోవడానికని రంగురంగుల చెక్కపూసల దండ ఒకటి ఊరికే ఇచ్చాడు.

ఇంట్లోకి ఎలుకలేంటని పిచ్చయ్య అప్పుడేమీ అనలేదు. అనకపోవడం ఆయనకు అలవాటు. కానీ దమ్మపేట చుట్టుపక్కల ఎలుకల మందు కలపడంలో ఆయన చేతికి పేరుంది. నూకల్లో మందు, ఇంత బెల్లం వేసి ఉండ కట్టి వడ్లకొట్టులో పెడితే పందికొక్కయినా సరే, మళ్లీ ఆ గడప తొక్కేది కాదు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆ చేతి పనితనం పున్నమ్మకు తెలియంది కాదు. అందుకే గోధుమరంగుది నోట నురగతో వెల్లకిలా పడి కనిపించిన పొద్దున, ఆమె చూపు ముందుగా పోయింది ఆ చేతి మీదికే.

ఆ రోజు గూట్లో కొరకడానికి మూడు రకాలున్నాయి. పూసల దండ, చండ్రుగొండ జానీ మియా వెదురు బొంగును కడియంలా కోసి ఇచ్చిన ముక్క, పిచ్చయ్య పెరటి చెట్టు నుంచి కోసి వేసిన జామపుల్లలు. పుల్లల మీదికి ముందుగా ఎగబడేది గోధుమరంగుదే. పున్నమ్మ మూడూ తీసి బయట పారేసింది. అయితే కొరికేందుకు ఏమీ లేక తెల్లదాని ముందుపళ్లు పెదవి దాటాయి. గడ్డి పరక నోట పెట్టుకోవడం, జారవిడవడం, మళ్లీ పెట్టుకోవడం. పశువుల దవాఖానా డాక్టరు దాని నోరు తెరిచి చూసి, జల్దీగా ఏదన్నా కొరకనియ్యకపోతే బతకదన్నాడు.

"జామపుల్లలు నానబెట్టే ఉంచిన. తెచ్చి ఏస్త," అన్నాడు పిచ్చయ్య.

"ముందు నువ్వు కొరుకు," అంది పున్నమ్మ. "నా కండ్ల ముందర."

పిచ్చయ్య ముఖం నల్లబడింది. ఎలుకపిల్ల ఎదుట పుల్ల కొరికి సత్యప్రమాణం చెయ్యాలా? తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

మాట పడ్డాడు కానీ ఊరుకోలేదు. ముందుగా పూసల దండను అనుమానించాడు. పారేసిన చోటి నుంచి ఏరి తెచ్చి గంజిలో పడేశాడు. తెల్లారేసరికి గంజి ఎర్రగా తిరిగింది. గిన్నె తెచ్చి పున్నమ్మ ముందు పెట్టాడు. ఆమె దండను పైకెత్తి ఒక్కో పూసా తిప్పి చూపించింది. ఎక్కడా పంటిగాటు లేదు.

"రంగు మంచిది కాదు, నిజమే," అంది. "కానీ అది దీన్ని ముట్టనే లేదు."

ఇక మిగిలింది వెదురు కడియం. దాని మీద గాట్లున్నాయి. పిచ్చయ్య దాన్ని తువ్వాలు కొంగున మూటకట్టుకుని చండ్రుగొండ బస్సెక్కాడు.

జానీ మియాది వడ్రంగం. నిచ్చెనలు కూడా చేస్తాడు. ఇద్దరికీ చిన్నప్పటి నుంచి బావ వరస. పిచ్చయ్య కడియాన్ని వాసన చూసి, గోటితో గీరి, బొంగు ఎక్కడిదని అడిగాడు. చెదమందు కొట్టారా అన్నాడు. వార్నీషు చెయ్యి తగిలిందా అన్నాడు. జానీ మియా చిత్రిక పట్టడం ఆపకుండానే అన్నిటికీ లేదు లేదని చెప్పాడు. చివరికి చిత్రిక పక్కన పెట్టాడు.

"ఏంది బావా, ఊళ్లె ఎలుకలన్నిటికీ యముడివి నువ్వు. గిప్పుడు ఒక్క ఎలుక చచ్చిందని నా మీదికి పంచాయితీకి వచ్చినవా?"

పిచ్చయ్య కడియాన్ని వెలుతురుకు పెట్టి చూస్తూనే ఉన్నాడు.

జానీ మియా మూలనున్న అదే బొంగులోంచి ఇంకో కడియం కోశాడు. నోట్లో పెట్టుకుని కటుక్కున కొరికాడు. నమిలి, పీచు ఊశాడు.

"నా చెక్క నేను కొరికిన. నీ పుల్ల సంగతి నువ్వు చూసుకో పో."

బస్సులో పిచ్చయ్యకు ఆ కటుక్కుమన్న చప్పుడే చెవిలో ఉండిపోయింది. తాను ఎందుకు కొరకలేదు? పౌరుషం. అంతకు మించి ఏముంది? ఇంటికి పోగానే కొరికి పారేస్తే సరి. పున్నమ్మ అనుమానమూ తీరుతుంది, పీడా పోతుంది.

తిన్నగా పెరట్లోకి పోయాడు. మిరపచేల దుమ్ము పుల్లల బెరడుకు పట్టి ఉంటుందని ఆయన వాటిని తొట్టిలో నానబెట్టి వేసేవాడు. తొట్టి అంటే మిరపతోటకు మందు కొట్టాక మిగిలిన డబ్బా. ఊళ్లో ఎవరూ ఆ డబ్బాలు పారెయ్యరు. కడుపు కోసి, బూడిదతో తోమి, కోళ్లకు నీళ్లు పెడతారు, మట్టి మోస్తారు. తోమిన మర్నాటి నుంచి అది మందు డబ్బా కాదు, తొట్టి.

పిచ్చయ్య గొంతుక్కూర్చుని ఒక పుల్ల తీశాడు. తువ్వాలుతో తుడిచి నోటి దాకా తెచ్చాడు. తెస్తూ, అలవాటు కొద్దీ నీళ్లవైపు చూశాడు.

పక్కనున్న గోలెంలో దోమపిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. పగిలిన కుండపెంకులో గరిటెడు నీళ్లున్నాయి, అందులోనూ ఉన్నాయి. తొట్టిలో నీళ్లు కూడా అన్నాళ్లవే. అద్దంలా ఉన్నాయి. ఒక్క పురుగు లేదు. అంచున చీమలు ముడుచుకుని పడి ఉన్నాయి. కోళ్లు కుండపెంకు దగ్గరే ముక్కులు ముంచుతున్నాయి. తొట్టిని చుట్టి పోతున్నాయి. అవి అలా పోవడం ఇదివరకూ చూశాడు. చూసి కూడా, కోళ్ల బుద్ధి అనుకున్నాడు.

పుల్ల పెదవికి అంగుళం దూరంలో ఆగిపోయింది.

పుల్లను మళ్లీ తొట్టిలో వేసి, దాని మీద రేకు కప్పి బండరాయి పెట్టాడు. సబ్బుతో చేతులు కడిగాడు. వాసన చూసుకుని ఇంకోసారి కడిగాడు. చెట్టు నుంచి కొత్త పుల్ల విరిచి, బోరింగు ధార కింద పెట్టి తోమి, వసారాలోకి వచ్చాడు.

పున్నమ్మ తెల్లదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఆ పుల్లలు మందు డబ్బాల నానబెట్టిన," అన్నాడు.

ఆమె తెల్లదాని మీద చెయ్యి కప్పింది. "నువ్వే చంపినవనుకున్న," అంది. "కావాలని."

"చంపిన. కావాలని కాదు."

అని, చేతిలో పుల్ల కొస కొరికాడు. వగరుకు మొహం చిట్లించి, నమిలి, రసం మింగాడు. పున్నమ్మ ఆయన గొంతు కదలడం చూసింది. మిగతా పుల్ల చాపితే అందుకోలేదు.

"కూసో," అంది. "కొంచెంసేపు చూస్త."

పిచ్చయ్య గోడకు చేరగిలి కూర్చున్నాడు. ఆమె కళ్లు గూటి మీద కొంచెం, ఆయన మీద కొంచెం. నీడ వసారా దాటి పెరట్లోకి పోయింది.

చివరికి ఆమె చెయ్యి చాపి పుల్ల తీసుకుంది. తనూ ఒకసారి వాసన చూసి తెల్లదాని ముందు పెట్టింది. అది మూతి ముందుకు చాపి, వెనక్కి తీసుకుని, మళ్లీ చాపింది. తర్వాత కరకరమని సన్నటి చప్పుడు మొదలైంది. బెరడు పేలికలై ఆమె చీర మీద రాలుతోంది.

"ఇంకోటి విరుచుకురా," అంది పున్నమ్మ, ఆయనవైపు తిరగకుండానే.

పిచ్చయ్య లేచాడు.

"దేన్లనూ నానబెట్టకు."

"అట్లనే," అన్నాడు.