పెద్ద ఇరుసుల జీపు

అన్వేష్ మొదట అడిగింది టైర్లు మార్చమని మాత్రమే.

అది పాత డీజిల్ జీపు. ఒకప్పుడు అతని తండ్రి జనార్ధన్ పొలాల మీద తిరగడానికి వాడిన బండి. ఇప్పుడా పొలాలన్నీ ప్లాట్లయ్యాయి, జీపు కొడుకు చేతికొచ్చింది. రాళ్ల గుట్టలు ఎక్కే బండిగా మార్చాలని అన్వేష్ కోరిక. మెకానిక్ భానుప్రకాశ్ నడుమెత్తు టైర్లు తెచ్చి బిగించాడు. బిగించాక పాత ఇరుసులు ఆ బరువును మోయలేవని తేలింది. మిలిటరీ ట్రక్కు తుక్కులోంచి లావుపాటి ఇరుసులు తెచ్చి, కోసి, జీపు వెడల్పుకు తగ్గించి వెల్డింగు చేశాడు. ఇరుసులు మారితే వాటిలోని పళ్లచక్రాలు మార్చాలి. అవి మారితే వాటికి బలం అందించే షాఫ్టులు చాలవు. ఇంతలో అన్వేష్ ఫోన్‌లో ఇంకో వీడియో చూసి వచ్చేవాడు.

"అన్నా, గిది జూడు. గిట్ల కావాలె మనకు."

"సరే సార్," అనేవాడు భానుప్రకాశ్. చేసిందంతా విప్పేవాడు.

ఏడు నెలలు అలాగే గడిచాయి. జీడిమెట్లలో పదకొండేళ్లు లేతు మిషను మీద పనిచేసిన మనిషి అతను. ఆ కంపెనీ మూతపడ్డాక శామీర్‌పేట అవతల, జనార్ధన్ వెంచర్ చివర ఉన్న రేకుల షెడ్డులో ఒక పాత లేతు మిషను కొని సొంత పని పెట్టుకున్నాడు. కిరాయి వద్దన్నాడు జనార్ధన్. "మావోని బండి జూస్కో, సాలు," అన్నాడు. అప్పుడది అదృష్టం అనిపించింది. తర్వాత్తర్వాత ట్రాక్టర్ల వాళ్లు వచ్చి, విప్పి ఉన్న జీపును చూసి, తలూపి వెళ్లిపోవడం మొదలైంది. భార్య సరళ ఒకటి రెండుసార్లు అడిగింది. "ఆ ఒక్క బండేనా నీకు? వేరే పని ఒప్పుకోరాదు?"

"మాట పోతది సరళా. వాళ్ల జాగల ఉన్నం గదా," అనేవాడు.

ఆ గురువారం పొద్దున అన్వేష్ వచ్చేసరికి ఒక రైతు ట్రాక్టరు తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆదివారం నర్సాపూర్ వైపు గుట్ట మీద జీపుల వాళ్లంతా కలుస్తున్నారు. తన జీపు తెస్తానని అన్వేష్ అందరికీ చెప్పుకున్నాడు. ఇంజను, గేరుబాక్సు ఇంకా బండిలోకి ఎక్కనే లేదు.

రైతును పంపించేసి అన్వేష్ చుట్టూ చూశాడు. "అన్నా, ఒక పని జేద్దం. నేను బయట తాళమేస్త. ఎవ్వడు రాడు, నువ్వు నిమ్మళంగ చేస్కో. సాయంత్రం వచ్చి తీస్త."

పరాచికమనుకుని భానుప్రకాశ్ నవ్వాడు. అన్వేష్ బిర్యానీ పొట్లం, రెండు నీళ్ల సీసాలు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. షట్టరు గరగరమని కిందికి దిగింది. ఇంకా చేతిమందం సందు ఉండగానే భానుప్రకాశ్ నోరు తెరిచాడు. వద్దు సార్ అనాలనుకున్నాడు.

"సరే సార్," అన్నాడు.

బయట తాళం పడిన చప్పుడు, ఆ తర్వాత కారు వెళ్లిపోయిన చప్పుడు వినిపించాయి.

కాసేపు ఊరికే నిలబడ్డాడు. వెనక గోడలో పైన ఒక చిన్న కిటికీ, దానికి ఊచలు. రేకులు అప్పటికే వేడెక్కుతున్నాయి. తన షెడ్డులోనే తాను ఖైదైనట్టు అనిపించింది. నీళ్లు తాగి పనిలో పడ్డాడు. చేతులు ఆడుతుంటే కొంత నయం.

మధ్యాహ్నానికి ఒక చిన్న షాఫ్టు కొలత తీసుకోవాల్సి వచ్చింది. గేరుబాక్సు వచ్చే చోటుకూ, చక్రాలకు బలం పంచే పళ్లపెట్టెకూ నడుమ పడే షాఫ్టు అది. బండి బరువంతా చక్రాల మీద ఉన్నప్పుడే ఆ కొలత సరిగ్గా వస్తుంది. జాకీలు దించాడు. కొత్త ఇరుసులకు హ్యాండ్ బ్రేకు ఇంకా బిగించలేదు. షెడ్డు నేల వెనక్కి కొంచెం వాలుగా ఉంటుంది. వెనక చక్రాల కింద చెక్క మొద్దులు పెట్టి, అట్ట పరుచుకుని, ఎడమ కాలు వెనక చక్రం అవతలికి చాపి, వెల్లకిలా కిందికి దూరాడు.

టేపు పట్టుకుని కొలుస్తుండగా మొద్దులు జారాయి.

జీపు మెల్లగా జానెడంత వెనక్కి కదిలి ఆగిపోయింది. ఎడమ కాలు చీలమండ పైన విరిగిన చప్పుడు ముందు వినిపించింది. నొప్పి ఆ తర్వాత వచ్చింది. వెనక చక్రం అతని కాలి మీద ఎక్కి కూర్చుంది.

ఎంతసేపు అరిచాడో అతనికే తెలియదు. వెంచర్‌లో హద్దురాళ్లు తప్ప ఇళ్లు లేవు. రోడ్డు మీది లారీల చప్పుడు దూరంగా వినబడుతూనే ఉంది గాని అతని గొంతు అంత దూరం పోలేదు. ఫోన్ బల్ల మీద బిర్యానీ పొట్లం పక్కన ఉంది. రెండుసార్లు మోగి ఆగింది. కాలు లాక్కోబోతే కళ్లు బైర్లు కమ్మాయి. ముఖానికి మూరెడు పైన ఇనుము. అటు కదలలేడు, ఇటు కదలలేడు. సాయంత్రం దాకా ఇలాగేనా? అన్వేష్ ఏ సాయంత్రం అన్న మాట మీద నిలబడ్డాడని?

ఊపిరి ఆడనట్టు అనిపించింది. కళ్లు మూసుకుని ఒకటి నుంచి యాభై దాకా లెక్కపెట్టాడు. కళ్లు తెరిస్తే ఎదురుగా ఆ పళ్లపెట్టె, దాని ముందు ఖాళీగా ఉన్న గుండ్రటి బిళ్ల కనిపించాయి. చిన్న షాఫ్టు బిగించాల్సింది దానికే. వెనక షాఫ్టు అప్పటికే ఇరుసుకు బిగించి ఉంది.

ఆ బండి లెక్కలన్నీ అతనివే. తక్కువ గేరు వేసి ఆ బిళ్లను ఇరవైసార్లు తిప్పితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. అంటే చేతి బలం చక్రం దగ్గరికి చేరేసరికి ఇరవై రెట్లవుతుంది. పెద్ద టైరు కాబట్టి బిళ్లను ఒక చుట్టు తిప్పితే చాలు, బండి జానెడు కన్నా కొంచెం తక్కువ కదులుతుంది.

గేరు రాడ్డు తల పైనే ఉంది. సుత్తి అందింది. పడుకునే నాలుగు దెబ్బలు కొట్టాడు. ఐదో దెబ్బకు లోపల టక్కుమని గేరు పడింది. పైపు పానా కుడి చేతికి దొరికింది. బిళ్లకు పట్టించి బలంగా లాగాడు.

టైరు ఇంకా వెనక్కి నొక్కింది. అతను పెట్టిన కేకకు రేకుల మీది పావురాలు లేచిపోయాయి.

తిప్పాల్సింది అటు కాదు, ఇటు. పానా తీసి, తిరగేసి పట్టించాడు. రెండు చేతులతో నెట్టాడు. చేతి వెడల్పు తిరిగింది. పట్టు వదిలితే బండి మళ్లీ వెనక్కి వస్తుంది. ఒక చేత్తో బిళ్లను ఒడిసి పట్టుకుని, పానాను మళ్లీ కింది నుంచి పట్టించి, మళ్లీ నెట్టాడు. చెమట కళ్లలోకి కారింది. మూడోసారి, నాలుగోసారి. కాలి మీద బరువు తగ్గుతున్నట్టు తెలిసింది. ఇంకోసారి నెట్టి, పానా పిడిని జీపు చట్రానికి ఆనించి వదిలాడు. అది నిలబడింది. మోకాలిని రెండు చేతులా పట్టుకుని కాలును బయటికి లాక్కున్నాడు.

పాక్కుంటూ బల్ల దాకా వెళ్లడానికి చాలాసేపు పట్టింది. ఫోన్ తీసుకుని అన్వేష్‌కు చేశాడు. మొదట అతనికే చేశాడు. ఆ సంగతి తలుచుకుని తర్వాత చాలాసార్లు సిగ్గుపడ్డాడు.

"సార్, బండి కాలు మీదికొచ్చింది. కాలిరిగింది. జల్దీ రా సార్."

"అయ్యో! బండికేమన్న అయిందా?" అని, వెంటనే నాలుక కరుచుకున్నట్టు, "గట్ల కాదన్నా, నువ్వు మంచిగున్నవా? నేను నాయినతోని మీటింగ్‌ల ఉన్న. ఒక్క గంట. తాళం మాత్రం పగలగొట్టియ్యకు, మనుషులు జమైతరు. నాయినకు తెలుస్తే నన్ను బతకనియ్యడు," అన్నాడు అన్వేష్ గొంతు తగ్గించి.

భానుప్రకాశ్ ఫోన్ పెట్టేసి సరళకు చేశాడు.

సరళ గుండ్లపోచంపల్లిలో ఒక గోదాములో ప్యాకింగ్ పని చేస్తుంది. సూపర్‌వైజరుకు చెప్పిందో లేదో గాని అరగంటలో స్కూటీ చప్పుడు వినిపించింది.

"ఏందయ్యా ఇది? ఎవడేసిండు తాళం?" అంటూ షట్టరు మీద దబదబా బాదింది.

"అన్వేష్ సార్. ముందుగాల ఇది తెరువాలె. పెద్ద తాళం, రాయితోని పోదు. ఇన్నవా? నేను కటింగ్ మిషను కిందికెల్లి ఇస్త."

షట్టరును నేల నుంచి బెత్తెడు పైకెత్తగలిగింది సరళ. ఆ సందులోంచి మిషనునూ కళ్లద్దాలనూ నెట్టాడు. వైరు లోపలి ప్లగ్గుకు తగిలించాడు.

"నాకు రాదు గదా ఇది."

"వస్తది. అద్దాలు పెట్టుకో. కొంగు నడుముకు చుట్టు. రెండు చేతులతోని గట్టిగ పట్టు, ముఖం పక్కకు పెట్టు. నిప్పులు ఎగుర్తయి, బుగులు పడకు."

మిషను గిర్రున మోగింది. ఒక్క క్షణం ఇనుము కీచుమంది, ఆగిపోయింది.

"మిషను జారిపోతాంది," అంది బయటి నుంచి.

"నిమ్మళంగ. నొక్కకు. మిషను దాని పని అది చేస్కుంటది."

మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఆపలేదు. సందులోంచి నిప్పురవ్వలు లోపలికి చిమ్ముతున్నాయి. అతను గోడకు ఆనుకుని, ఆ చప్పుడు ఆగకూడదని కోరుకుంటూ కూర్చున్నాడు. తాళం తెగి గుమ్మం రాతి మీద పడింది. షట్టరు లేచింది. ఎండ ఒక్కసారిగా లోపలికి వచ్చింది. సరళ కళ్లద్దాలతోనే వచ్చి అతని పక్కన కూలబడింది. కాలు చూసి ఏడ్చింది. తర్వాత తిట్టింది. తర్వాత ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తింది.

మేడ్చల్‌లో ఆస్పత్రి. రెండు ఎముకలు విరిగాయి, రాడ్డు వేశారు. మర్నాడు అన్వేష్ పండ్లు పట్టుకుని వచ్చాడు. రాత్రంతా నిద్రపోనట్టున్నాడు.

"అన్నా, తప్పైంది. తాళం సంగతి మాత్రం నాయినతోని అనకు." పండ్ల సంచి చేతులు మార్చుకుని, "పదిహేను దినాలైనంక కుర్సీల కూసోని చెప్పు, సాలు. పని చేసెటోళ్లను నేను పెడ్త," అన్నాడు.

భానుప్రకాశ్ కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. సరళ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది.

"నేను రాను," అన్నాడు.

"ఏందన్నా?"

"రాను. షెడ్డు ఖాళీ చేస్త. లేతు మిషను తెచ్చుకుంట."

ఆ మాట అన్నాక ధైర్యమేమీ రాలేదు. పైగా భయమేసింది. అన్వేష్ పండ్లు కిటికీలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆరు నెలల తర్వాత గండిమైసమ్మ చౌరస్తాకు కొంచెం దూరంలో, ఒక వెల్డింగ్ షాపులో సగం జాగా తీసుకున్నాడు భానుప్రకాశ్. ట్రాక్టర్లు, బోరు మోటార్లు వస్తున్నాయి. ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు. ఆ జీపును వేరే మెకానిక్ ఎవరో పూర్తి చేశారట. ఒకనాడు వెల్డింగ్ అతను ఫోన్‌లో వీడియో చూపించాడు. జీపు నిలువు బండరాయిని పట్టుకుని ఒక్కొక్క అంగుళం ఎక్కుతోంది. ఇరుసులు ఎక్కడా తొణకలేదు. భానుప్రకాశ్ రెండుసార్లు చూశాడు. బాగా ఎక్కుతోందన్నాడు. మనసులో కొంచెం గర్వం కలిగింది, దాన్ని దాచుకోలేదు.

కానీ మూసిన చోట్లు అతనికి ఇప్పటికీ పడవు. సరళ అక్క ఒక అపార్టుమెంటులో నాలుగో అంతస్తులో ఉంటుంది. వాళ్లింటికి వెళ్లినప్పుడు లిఫ్టు ఎక్కడు. కాలు ఈడ్చుకుంటూ మెట్లే ఎక్కుతాడు. సరళ కూడా లిఫ్టు వదిలేసి, అతనికంటే ఒక మెట్టు వెనక నడుస్తుంది.