తడిసిన కాళ్ళకే దరుమ

జపాను సుకుమో రేవులో ఇవామురా తొకుజోకి రెండే పనులు: పొద్దున సూర, సాయంత్రం సూర్యుడు. సూర చేపల్ని గడ్డి మంట మీద కాల్చి అమ్ముతాడు. చలికాలమంతా కొట్టు ముందు పలక మీద "ఈ రోజు దరుమ ఉంది" అనో "లేదు" అనో రాసి పెడతాడు. కుంకే సూర్యుడికి సముద్రంలోంచి ఇంకో సూర్యుడు లేచి వచ్చి అతుక్కుంటే, నడుము దగ్గర నొక్కేసిన ఎర్రటి గుండ్రటి మొక్కు బొమ్మ, దరుమలాగే ఉంటుంది. దాన్ని చూడ్డానికి జనం బస్సులెక్కి వస్తారు. పంతొమ్మిదేళ్ళుగా పలక పలికిందే జరిగింది.

ఈ ఏడు పలక రెండుసార్లు బొంకింది. "మూడోసారీ తప్పితే తీసేద్దాం అన్నా. ఫోనే చెబుతోందిగా ఇప్పుడు" అన్నాడు సత్రాల సంఘం పెద్ద కుబోఉచి. తొకుజో ఆ రోజే ఇంట్లో కళ్ళు లేని దరుమ బొమ్మకు ఒక కన్ను దిద్ది, పలక నిలవాలని మొక్కుకున్నాడు. మొక్కు తీరితేనే రెండో కన్ను.

ఇవాళ దరుమ వచ్చే అవకాశం నూటికి ఇరవయ్యే అంది ఫోను. తొకుజో తెల్లారగానే నీళ్ళలో దిగి నిలబడ్డాడు. ముక్కు గడ్డకట్టింది, కాళ్ళు వెచ్చగా ఉన్నాయి. సముద్రం మీద పొగ లేస్తోంది. ఇంకేం కావాలి? కొట్టుకొచ్చి "ఉంది" అని రాశాడు, రోజూకన్నా లావుగా.

"అంత లావుగా రాస్తే సూర్యుడు భయపడి వస్తాడనా?" అంది భార్య సవానో.

"వాడు రాకపోతే నేనూ ఇంటికి రాను."

"మాట మీద నిలబడతారా మరి?"

సాయంత్రం జనమంతా కొండ మీదికెక్కారు. అక్కడ దరుమను చూడ్డానికని సంఘం వాళ్ళు ఈ ఏడే మేడ కట్టారు, నూట పన్నెండు మెట్లు. తొకుజో ఇంతవరకూ దాని మొహం చూడలేదు. పలక తప్పిన రెండు రోజులూ కొట్లో బేరం వదిలి వెళ్ళలేక, దరుమ రాలేదని మేడెక్కినవాళ్ళు చెబితే నమ్మేశాడు. ఇవాళ మోకాళ్ళు మొత్తుకుంటున్నా ఎక్కాడు.

సూర్యుడు ఇంకా వేలెడెత్తులో ఉన్నాడు. నీళ్ళ అంచున వణకాల్సిన చార దారమంత సన్నగా ఉంది. ఒడ్డు నుంచైతే ఇలాంటి రోజున తాడంత ఉంటుంది.

"దిగండి" అన్నాడు తొకుజో. "అందరూ కిందికి పదండి."

"ఇంత కష్టపడి కట్టింది దిగిపోడానికా అన్నా?" అన్నాడు కుబోఉచి.

"మేం బాగానే ఎక్కాం. నీకే ఎక్కడం లేదు. వెచ్చటి గాలి నీళ్ళనంటుకుని చాపలా పరుచుకుని ఉంది. రెండో సూర్యుణ్ణి చూపించేది ఆ చాపే. ఇంత ఎత్తునుంచి చూస్తే దాని మందమే తెలీదు. రా, చెప్పులు విప్పు."

కొందరు నవ్వారు. అయినా అక్కడున్న నలభైమందీ దిగారు. కుబోఉచి బూట్లతోనే నీళ్ళలోకి నడిచాడు. సూర్యుడు వంగాడు. కింద ఎర్రటి గీత మెరిసింది, గీత ఉబ్బింది, రెండూ ఒకదాన్నొకటి ముట్టుకున్నాయి. నడుము సన్నం, పాదం వెడల్పు. కెమెరాలే మాట్లాడాయి.

దరుమ మునిగాక కుబోఉచి మెల్లగా అడిగాడు. "అయితే ఆ రెండు రోజులూ..."

"వచ్చే ఉంటాడు. మీరు మేడ మీద ఉన్నారు."

కుబోఉచి తడిసిన బూట్లతో కొట్టుదాకా వెళ్ళి, సుద్దముక్క తీసి, "ఉంది" పక్కన "కింద" అని రాశాడు. పలకను గోడకు ఇంకాస్త గట్టిగా ఆనించాడు.

తొకుజో సిరా, కుంచె పట్టుకుని ఇంట్లోకి పరుగెత్తాడు. దరుమ బొమ్మ రెండు కళ్ళతోనూ చూస్తోంది. రెండో కంటి సిరా ఎప్పుడో ఆరిపోయింది.

"ఇదెప్పుడు పెట్టావే?"

"పొద్దున. మీరు నీళ్ళలో పళ్ళు టకటకలాడిస్తూ నిలబడ్డప్పుడు."

"మెల్లకన్నయింది."

"మెల్లగానే పెట్టాను మరి."

"ఒకవేళ సూర్యుడు రాకపోయుంటే?"

సవానో అన్నం గిన్నె ముందుకు తోసింది. "మీ మొహం చూసి పెట్టాను, ఆయన మొహం చూసి కాదు. కూర్చోండి, చల్లారిపోతుంది."