ఇంటి మడి

కాపురానికి వచ్చిన కొత్తల్లోనే అత్తగారు కోడలికి రెండు మడులూ చూపించింది. పెరటి గుమ్మం దిగగానే చిన్న మడి. దాని పక్కనున్న నీళ్ల కాలువ దాటితే, కనుచూపు మేరా కీరదోస పందిళ్లు.

"ఇటువైపుది మనం తినడానికి. అటువైపుది మార్కెట్టుకి. పొరపాటున కూడా నీ చెయ్యి అటు పోకూడదు," అంది.

ఇటువైపు కాయలు వంకరటింకరగా, పురుగు తొలిచిన మచ్చలతో ఉండేవి. అటువైపువి ఒక్క గాటు లేకుండా నిగనిగలాడేవి. మందు కొట్టాక కొన్నాళ్లు ఆగి కోయాలని సీసా మీద రాసే ఉంటుంది. కానీ ధర పలుకుతున్నప్పుడు ఎవరాగుతారు? సాయంత్రం కొట్టి, తెల్లారి కోసేవారు. మొదట్లో కోడలికి ముద్ద దిగేది కాదు. తరవాత తరవాత అదీ అలవాటైపోయింది.

బిడ్డ పుట్టాక మాత్రం ఆమెకి భయం పట్టుకుంది. చీటికీ మాటికీ మూతి బుంగలా పెడుతుందని పిల్లని అందరూ బుంగి అని పిలిచేవారు. ఇంటి మడి కాయనైనా కొళాయి ధార కింద రుద్ది కడిగి, తొక్క తీస్తే గానీ బుంగి చేతికిచ్చేది కాదు. మొగుడు మందు కొట్టి వస్తే చొక్కా గుమ్మం బయటే విప్పించి విడిగా ఉతికేది. స్నానం చేస్తే గానీ పిల్లని ఎత్తుకోనిచ్చేది కాదు.

"నీ పెళ్లాం పిల్లని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తుందిరా," అని అత్తగారు కొడుకు దగ్గర నవ్వేది.

బుంగిని ప్లేస్కూల్లో వేశారు. ఒకరోజు కోడలు పిల్లని తీసుకురావడానికి వెళితే అక్కడి వంటావిడ ఎదురొచ్చింది.

"మేం పిల్లలకి పెట్టే కీరదోసలు మీ పందిళ్ల కాయలేనటగా తల్లీ! కాయలు దించే వ్యాను డ్రైవరు చెప్పాడు. మీ బుంగి అయితే తొక్కతో సహా కరకరా నమిలేస్తుంది. ఇంట్లో పెట్టవా ఏంటి?"

"తొక్క తియ్యరా అక్కా?"

"బాగానే ఉంది! నలభై మందికి తొక్కలు తీస్తూ కూర్చుంటే నా తోలు ఊడుతుంది. బకెట్లో ఓసారి ముంచి తీస్తా. తొక్కలోనే బలమని మా మేడం చెప్పింది కూడానూ."

బకెట్లో నీళ్లు పల్చటి పాలలా ఉన్నాయి. నిన్న పొద్దుగూకే వేళ పందిళ్ల మీద పొగమంచులా కమ్మిన మందు ఆమె కళ్ల ముందు మెదిలింది. చెబుదామనుకుంది. చెబితే ఇంటి గుట్టు వీధిన పడుతుంది. పిల్లని కేకేసింది. బుంగి తడి వేళ్లు చప్పరిస్తూ వచ్చి తల్లి కాళ్లు చుట్టేసింది.

ఇంటికి రాగానే చెప్పేసింది. "మీ మనవరాలు రోజూ మార్కెట్టు కాయలు తింటోంది అత్తయ్యా."

అత్తగారు కాయలు ఏరుతూ తలెత్తలేదు. "ఎవరు పెట్టారు?"

"మనమే."

మొగుడు చేతిలో గంప కింద పెట్టాడు. "వ్యానువాడు ఎక్కడెక్కడ దించుతాడో నాకేం తెలుసే?"

"అయితే బడి మాన్పించు," అంది అత్తగారు.

"మరి మిగతా పిల్లలు?"

"వాళ్లకి తల్లులు లేరా?"

చివరికి మొగుడే, "బడికి ఇంటి మడి కాయలు పంపుదాం, సరేనా?" అన్నాడు. కోడలు ఊపిరి పీల్చుకుంది. మర్నాటి నుంచీ తనే కోసి, తనే వ్యానెక్కించేది.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. వంటావిడ ఫోను చేసింది. "పుచ్చు కాయలు పంపుతున్నావేంటి తల్లీ? కోస్తే పురుగులు! అవైనా సగం మందికి చాలట్లేదు. వేరేవాళ్లని చూస్తానంటోంది మా మేడం."

పక్కనే ఉన్న అత్తగారు అంతా వింది. కొడుకు రాగానే చెవిన వేసింది.

ఆ మర్నాడు పొద్దున్నే బుంగి జడ వేస్తుంటే పెరట్లో మందు పంపు చప్పుడు వినిపించింది. కాలువ అవతల నుంచి కాదు, ఇవతల నుంచే. కోడలు దువ్వెన వదిలేసి పరిగెత్తింది. మొగుడు ముఖానికి తువ్వాలు చుట్టుకుని, వీపున ట్యాంకుతో చిన్న మడిలో నిలబడి ఉన్నాడు. ఆకుల మీంచి తెల్లటి తుంపర వంటింటి కిటికీ వైపు వస్తోంది.

"ఏవండీ! అది మనదండీ!"

"పురుగు లేనివి కావాలి, అందరికీ సరిపోవాలి అంటున్నారుగా! ఊరికే కాస్తాయా?"

"మరి మనం ఏం తినాలి?"

గుమ్మంలో నిలబడ్డ అత్తగారు జవాబిచ్చింది. "కొనుక్కుందాం. మార్కెట్లో దొరకవా ఏంటి?"

కోడలు లోపలికొచ్చి కిటికీ మూసింది. వంటావిడకి ఫోను కలిపింది.

"అక్కా, మా కాయలు పిల్లలకి పెట్టకండి. ఇకమీదట వచ్చేవి ఏవీ దించుకోకండి."

"అలిగావా ఏంటి? పురుగుల మాట అన్నానని?"

వెనక అత్తగారి చెప్పుల చప్పుడు దగ్గరకొచ్చి ఆగింది. కోడలు వెనక్కి తిరగలేదు.

"వాటికి మందు కొట్టారక్కా. ఆరకముందే కోస్తారు."

అటునుంచి పిల్లల కేకలు, గిన్నెల చప్పుడు వినిపిస్తున్నాయి.

"మరి ఆ పుచ్చువి రాకముందు ఇన్నాళ్లూ నేను వీళ్లకి పెట్టినవి?"

"అవీ అంతే," అంది కోడలు.