పూడూరు దాటినాక

ట్రే అంచు తట్టగానే కోడిపిల్లలన్నీ ఒకదాని మీదొకటి దొర్లుకుంటూ బల్ల మీదికి వచ్చి పడ్డాయి. మనోరమ చేతులు వాటి మధ్యకు వెళ్ళాయి. నిలబడ్డదాన్ని కుడివైపు అట్టపెట్టెలోకి, కాళ్ళు చాపేసినదాన్ని, బొడ్డు ఆరనిదాన్ని ఎడమవైపు బకెట్లోకి. ముక్కుకు గుడ్డ, జుట్టుకు ప్లాస్టిక్ టోపీ, మోచేతుల దాకా పసుప్పచ్చటి నూగు. శామీర్‌పేటకు కాస్త లోపలగా ఉన్న ఆ గుడ్లు పొదిగించే హేచరీలో పనికి చేరినప్పుడు ఆమె కొడుకు ఇంకా చంకలో ఉండేవాడు. ఇప్పుడు వాడికి మీసాలు వచ్చాయి.

బతకవని బకెట్లో పడేవాటి వైపు అక్కడ ఎవరూ చూడరు. చూస్తే పని సాగదు. మనోరమ మాత్రం ప్రతిదాన్నీ ఒకసారి చూసే వేస్తుంది. అయినా ఆమె చేతివేగం ఎవరికీ తీసిపోదు.

ఆమె కథలు రాస్తుందని తోటి ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆ కథల్లో ఎవరో ఒకరు చనిపోతారనీ తెలుసు. పదో తరగతితో చదువు ఆగిపోయి, పెళ్ళయి ఈ ఊరు వచ్చిన మనిషి చాలాకాలం ఏమీ రాయలేదు. బల్లకు అవతలి వైపు నిలబడే సాలమ్మ భర్త మేడ్చల్ హైవే మీద లారీ కింద పడి పోయినప్పుడు, సాలమ్మ నొచ్చుకుంటుందని పనిలో ఎవరూ అతని మాటే ఎత్తలేదు. మనోరమ అతని మీద కథ రాసింది. అతను అన్నంలో ఉల్లిగడ్డ లేకపోతే అలగడం, సైకిల్ తుడిచేటప్పుడు ఈల వేయడం, చివరికి రోడ్డు మీద ఒంటి చెప్పుతో పడి ఉండడం, అన్నీ రాసింది. వారపత్రికలో వచ్చిన ఆ కథ చదివి సాలమ్మ షెడ్డు గోడకు చేరగిలబడి ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కొచ్చి, తమ్ముడికి పంపాలి, ఇంకో పుస్తకం దొరుకుతుందా అని అడిగింది. ఆ రోజు నుంచి ఏడుపు కథలు రాస్తావేమని ఎవరన్నా మనోరమ తల దించుకోలేదు. ఏడిపించడం కూడా ఒక పనే, సరిగ్గా చేయాలి అనుకుంది.

ఈసారి మాత్రం ముగింపు దగ్గర చేయి ఆగింది. కొత్త కథ అత్త వజ్రమ్మది. పెద్దకూతురు ఐదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు జ్వరంతో పోయిందనీ, వానలో బండి దొరక్క వజ్రమ్మ పిల్లను భుజాన వేసుకుని మేడ్చల్ ఆసుపత్రికి నడిచిందనీ భర్త బాలేష్ ఒకసారి చెప్పాడు. అతను అప్పటికి పుట్టలేదు. వజ్రమ్మ నోట ఆ మాట మనోరమ ఎన్నడూ వినలేదు. పిల్ల చనిపోయినట్టే రాసి పంపాక, పత్రిక సంపాదకుడు ఫోన్ చేసి, కథ బాగుందనీ, పిల్ల బతికినట్టు ముగిస్తే ప్రత్యేక సంచికలో వేస్తామనీ అన్నాడు. ప్రత్యేక సంచికలో ఆమె పేరు ఇంతవరకు రాలేదు.

మధ్యాహ్నం సద్ది డబ్బాలు విప్పుకున్నప్పుడు, ముగింపు మార్చాలా వద్దా అని సాలమ్మను అడిగింది. సాలమ్మ అన్నంలో పచ్చడి కలుపుకుంది. ముసలిది బతికి ఉంది కదా, ఒక్కసారన్నా ఆ పిల్లను బతికించమంది. ఆ మాట మనోరమకు న్యాయంగానే తోచింది. బువ్వ తిన్నాక అక్కడే గోడ నీడన కూర్చుని ముగింపు మార్చి రాసింది. తెల్లారి డాక్టరు నవ్వుతాడు. పిల్ల కళ్ళు తెరిచి పాలు అడుగుతుంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వజ్రమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మనోరమ కాళ్ళు కడుక్కొని వచ్చి పక్కన కూర్చుంది. రాసిన ప్రతి కథా ముందు అత్తకే చదివి వినిపిస్తుంది; ఈ ఒక్కటే వినిపించకుండా పత్రికకు పంపింది. వజ్రమ్మకు అక్షరం రాదు గానీ, ఎక్కడ అబద్ధం ఉందో పట్టేస్తుంది. ఇది ఎవరి కథో చెప్పకుండా మొదలుపెట్టింది. వాన దగ్గరకు వచ్చేసరికి ఈనెలు తీసే చేతులు ఆగాయి. మనోరమ ఆపకుండా, పిల్ల పాలు అడిగేదాకా చదివింది.

వజ్రమ్మ చేతిలోని చిక్కుడుకాయ చేటలో పడేసింది.

"నా బిడ్డ బతికిందని రాసినవా?"

"పత్రికోళ్ళు గట్లయితే బాగుంటదన్నరు, అత్తా. నాగ్గూడ నిన్ను మల్ల ఏడిపియ్య బుద్ధి గాలే."

"గది బతికితే నేను గిన్నేండ్లు ఎవల కోసం ఏడ్సిన?"

వజ్రమ్మ చేటను పక్కకు జరిపింది.

"పూడూరు దాటినంకనే పానం పోయింది. భుజం మీద బరువు మారింది, నాకు ఎరుకైంది. అయినా దించలే. దించితే సచ్చిపోయినట్టే గద. మేడ్చల్ దాంక మాట్లాడుకుంటనే పోయిన. దవాఖాన వచ్చింది బిడ్డా, గదిగో బల్బు ఎలుగుతాంది బిడ్డా అనుకుంట. గది రాయి."

మనోరమ కళ్ళు తుడుచుకోలేదు. వింటూ ఉంది.

"పేరేం వెట్టినవు పిల్లకు?"

"స్వాతి."

"దాని పేరు నీలవ్వ. గా పేరు గీ ఇంట్ల ఎవ్వలు తీస్తలేరు. నువ్వు రాయి."

మర్నాడు పనికి వెళ్ళేముందు మనోరమ సంపాదకుడికి ఫోన్ చేసింది. పిల్ల చనిపోతుందనీ, పూడూరు దాటాక చనిపోతుందనీ, తల్లికి ఆ సంగతి తెలిసీ నడుస్తుందనీ చెప్పింది. అట్లయితే ప్రత్యేక సంచికకు కుదరదన్నాడతను. మామూలు వారంలోనే వేయమంది. ఫోన్ పెట్టేశాక ఆమెకు పోగొట్టుకున్నట్టు అనిపించలేదు. గిన్నె కడిగి బోర్లించినంత తేలిగ్గా ఉంది.

ఆషాఢంలో కథ అచ్చయింది. "నీలవ్వ" అన్న పేరు ఎక్కడుందో వజ్రమ్మ కోడలి చేత చూపించుకుంది. తెల్లారగానే వెదురుకర్ర ఊతంగా, ఆ పుస్తకం పట్టుకుని వాడకట్టు మీదికి బయల్దేరింది. చదవడం వచ్చిన ప్రతి ఇంటి గడప మీదా కూర్చుంది. మా కోడలు రాసింది, నా బిడ్డ గురించి రాసింది అని చెప్పి చదివించుకుంది. ఎవరైనా ఏడిస్తే, పెద్దరికంగా తల ఊపింది. చివరికి వాడకట్టు కొసన ఉండే దుర్గాబాయి ఇంట్లో టీ కూడా తాగింది. పుస్తకం చంకన పెట్టుకుని, నడుము నిటారుగా చేసుకుని, పిలిచినా వినిపించుకోకుండా ఇంటి దారి పట్టిందని దుర్గాబాయి తర్వాత చెప్పింది.

ఇంటికి వచ్చి మంచం మీద ఒరిగింది. ఆ రోజు మనోరమకు సెలవు. కథ అందరికీ నచ్చిందని వజ్రమ్మ ఆమెకు చెప్పింది. కాసేపు పడుకుంటానంది. పొద్దు వాలేముందు మనోరమ లేపబోతే చేయి చల్లగా తగిలింది. మొహం మాత్రం ఏదో మాట చెప్పి ముగించినట్టే ఉంది.

కర్ర లేనిదే వాకిలి కూడా దాటని మనిషి ఆమె. దినాలు అయ్యాక కూడా ఆ వెదురుకర్ర దుర్గాబాయి ఇంటి గోడకు ఆనించి, చేయి పట్టే చోట నల్లగా నునుపు తేలి, అట్లాగే ఉంది.