దిబ్బ మీద ఎర్ర కాడలు

ఇల్లు పోయినందుకు కరుణమ్మ ఏడవలేదు. ఓవెన్ పోయినందుకు ఏడ్చింది.

జమ్మలమడుగులో మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో ఆనందయ్య, సుబ్బరాయుడు అన్నదమ్ములు. పెద్దవాడు, కరుణమ్మ భర్త ఆనందయ్య ఆసుపత్రిలో కాంపౌండరు. చిన్నవాడు సుబ్బరాయుడు రోడ్ల కాంట్రాక్టులు చేస్తూ ఒక పార్టీ జీపుల్లో తిరిగేవాడు. ఆనందయ్యకు ఉద్యోగం ఇప్పించిన పెద్దమనిషిది రెండో పార్టీ. ఒకే కప్పు కింద రెండు పార్టీలు ఉంటే ఏదో ఒక రోజు ఆ కప్పు మీదే బాంబు పడుతుందని చర్చి పెద్దలు చెప్పి, పెరట్లో నిలువునా గోడ పెట్టించారు. పాత ఇల్లు చిన్నవాడికి పోయింది. పశువుల కొట్టం వైపు గదులు పెద్దవాడికి వచ్చాయి. పాత ఇంట్లో ఉన్న రేకు ఓవెన్ ఇంటితో పాటు సుబ్బరాయుడి భార్య అన్నమ్మ పాలైంది.

ఆ ఓవెన్ రూతమ్మ దొరసానిది. దొరసాని మిషన్ ఆసుపత్రిలో నర్సు. పుట్టింది అమెరికాలో, ఆమిష్ అనే తెగలో. వాళ్లు మోటారు ఎక్కరనీ, గుర్రపు బండ్లలోనే తిరుగుతారనీ, ఎవరు కొట్టినా తిరిగి చెయ్యెత్తరనీ చెప్పేది. అలాంటి మనుషులు జమ్మలమడుగు తాలూకాలో రెండు రోజులు బతకరని ఆనందయ్య అనేవాడు. పులివెందుల నుంచి కోడలుగా వచ్చిన కరుణమ్మ దొరసాని వంటింట్లో పనికి కుదిరింది. ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలు, ఉడికించి మెదపడం, ఆ నీళ్లతోనే మైదా కలపడం, పాలూ వెన్నా గుడ్డూ వేసి పిసకడం, తడిగుడ్డ కప్పి పొంగనివ్వడం ఆమె దగ్గరే నేర్చుకుంది. ఈస్టు ప్రొద్దుటూరు బేకరీ నుంచి వచ్చేది. ఆ ఉండ రొట్టెలను ఊళ్లో దొరసాని రొట్టెలు అనేవారు. దొరసాని ఓవెన్‌ను కరుణమ్మకు ఇచ్చి వెళ్లిపోయాక అవి కరుణమ్మ రొట్టెలయ్యాయి. పంటల పండుగకు చర్చిలో బల్ల మీద మొదటి గంప ఆమెదే ఉండేది.

అన్నమ్మ మిషన్ బడిలో టీచరు. గోడ పడేదాకా ఆమె చేతికి పిండి అంటలేదు. గోడ పడిన మరుసటి ఏడు పంటల పండుగకు బల్ల మీద రెండు గంపలు కనిపించాయి. ఓవెన్ లేని కరుణమ్మ తన రొట్టెలు మూకుడు మీద నిప్పులు పోసి కాల్చి తెచ్చింది. పాస్టరు ప్రార్థన ముగించి అన్నమ్మ గంపలో చెయ్యి పెట్టాడు. తిని, ఇంకొకటి తీసుకున్నాడు. కరుణమ్మ గంప వైపు వచ్చేసరికి కడుపు నిండిందన్నాడు.

ఆ వారంలోనే అన్నమ్మ పిండిలో ఈతకల్లు పోసి పొంగిస్తుందన్న మాట చర్చి ఆడవాళ్లలో పుట్టింది. పుట్టించింది కరుణమ్మే. పాస్టరు భార్య వెళ్లి అడిగితే అన్నమ్మ ఈస్టు పొట్లం తెచ్చి చూపించింది. మాట ఎక్కడ మొదలైందో కూడా బయటపడింది. తోడికోడళ్ల మధ్య ఉన్న కాస్త పలకరింపు కూడా అక్కడితో ఆగిపోయింది.

ఆ క్రిస్మస్‌కు దొరసాని పార్సిల్ పంపింది. ఇంటిపేరూ పాత ఇంటి నంబరూ మాత్రమే రాసి పంపింది కాబట్టి పోస్టుమ్యాన్ పాత ఇంట్లోనే ఇచ్చాడు. అందులో ఒక విత్తనాల పొట్లం ఉందని, పేరు రూబార్బ్ అని, గోడకు ఈవల నిలబడి కరుణమ్మ విన్నది. ఆ పార్సిల్ తనకే వచ్చిందని ఆమె నమ్మకం. పదేళ్లు ఆ వంటింట్లో గిన్నెలు తోమింది తను. ఎండలు మొదలైతే దొరసాని ఆ రూబార్బ్‌నే తలుచుకునేది. దాని ఎర్ర కాడలు చక్కెరలో ఉడికించి, మైదా రొట్టెలో పొదిగి కాల్చితే తమ దేశంలో మగవాళ్లు పొలాల నుంచి ముందుగా ఇంటికొస్తారనేది. అవి దొరక్క ఎర్ర గోంగూర కాయల తొక్కలు బెల్లంలో ఉడికించి చేసేది. తిని, ఇది అది కాదనేది. ఇంకో మాట కూడా ఎప్పుడూ చెప్పేది. కాడ మనకు, ఆకు దిబ్బకు. ఆకు తిని వాళ్ల చిన్నాన్న ఆవు ఒకటి చచ్చిపోయిందట.

అన్నమ్మ మరుసటి ఏడు వానలు తగ్గాక విత్తనాలు నాటింది. నీడకు తడిక కట్టింది. మొక్కలు చాలా వరకు ఎండిపోయాయి. ఒక వరస బతికింది. మాఘమాసానికి ఆకులు చేటలంత అయ్యాయి. చూస్తే చుక్కాకును పెద్దది చేసినట్టుంది. కరుణమ్మ బట్టలు ఆరేసేటప్పుడు గోడ మీదుగా ఆ ఎర్ర కాడలను రోజూ చూసేది. ఎట్ల వండాలో అన్నమ్మకు తెలియదని ఆమెకు తెలుసు. వచ్చి అడిగితే చెబుదామని కాచుకుంది. అక్కా అని ఒక్కసారి పిలిస్తే చాలనుకుంది. అన్నమ్మ పిలవలేదు.

మండలాలు ఏర్పడి, మండలాధ్యక్షులకు మొదటిసారి ఎన్నికలు జరుగుతున్న రోజులవి. సుబ్బరాయుడి పార్టీ నుంచి నిలబడిన కాటమయ్య గొర్రెల మందల నుంచి ఎదిగిన మనిషి. ఆయన అన్నను నాటుబాంబు వేసి చంపారు. ఆనాటి నుంచి విషం పెడతారన్న అనుమానంతో ఆయన బయట పచ్చి మంచినీళ్లు తాగడు. ఇంటి క్యారియరు జీపులోనే ఉంటుంది. అలాంటివాడు ఆదివారం సుబ్బరాయుడి ఇంట్లో భోంచేస్తానని ఒప్పుకున్నాడు. వీధి వీధంతా ఆ మాటే. బట్టలు ఉతికే మస్తానమ్మ వచ్చి ఆ సంగతి చెప్పి, నీ మరిది అదృష్టం పండిందక్కా అంది. కరుణమ్మ ఆమెకు ఆ పూట మజ్జిగ పోయలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి చెత్త పారేయడానికి కరుణమ్మ దిబ్బ దగ్గరకు వెళ్లింది. రెండిళ్లకూ దిబ్బ ఒకటే. దాని మీద ఎర్ర కాడలు పడి ఉన్నాయి. ఒకటి కాదు, మోపెడు. ఆమె అటూ ఇటూ చూసి వాటిని కొంగులో ఏరుకుంది. పదేళ్లు పేరు విన్న వస్తువు అది. ఎందుకు పారేశారో ఆలోచించలేదు. తన వాటా తనకు వచ్చిందనుకుంది.

ఇంట్లోకి వచ్చి కాడలు కడిగి, ముక్కలు కోసి, బెల్లం తరగడానికి కూర్చుంది. నవ్వు వస్తోంది. చదువుకున్న టీచరమ్మ కాడలు పారేసింది అనుకుంది. అప్పుడు కత్తి ఆగింది. కాడలు దిబ్బ మీద ఉంటే ఆకులు ఎక్కడున్నాయి?

గోంగూరైనా చుక్కాకైనా ఆ ఊళ్లో ఏ ఆడమనిషి చేసేది ఒకటే. ఆకు గిల్లి చట్టిలో వేస్తుంది. కాడ పారేస్తుంది.

కరుణమ్మ లేవలేదు. తిననీ అనిపించింది. కాటమయ్య కక్కుకుంటే అన్నమ్మ చేతి వంట సంగతి తాలూకాకంతా తెలుస్తుంది. పాస్టరుకూ తెలుస్తుంది. ఆ ఊహ ఆమెకు రుచిగానే ఉంది. తర్వాత జరిగేది కూడా ఆమె కళ్లముందుకు వచ్చింది. కాటమయ్య జీపులో వాంతి చేసుకుంటే అది ఏ ఆకని ఎవరూ అడగరు. వండింది ఎవరని అడుగుతారు. వండిన ఇంటాయన అన్న ఎవరని అడుగుతారు. అన్న రెండో పార్టీ మనిషి. పైగా మందుల గదిలో కాంపౌండరు.

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా సందు చుట్టి పాత ఇంటి దొడ్డి వాకిలి తోసింది. గోడ కట్టాక అటు అడుగు పెట్టడం అదే మొదలు. ముందు వైపు జీపులు ఆగి ఉన్నాయి. వంటింట్లో పొరుగింటి షాహీదాబీ కోడికూర కలుపుతోంది. పళ్లెంలో దొరసాని రొట్టెలు పేర్చి ఉన్నాయి. కరుణమ్మ చూపు మొదట వాటి మీదికే పోయింది. బాగా పొంగాయి. పొయ్యి పక్కన చట్టిలో పప్పు.

"ఏందక్కా, దోవ తప్పినావా?" అంది అన్నమ్మ.

"అన్నమ్మా, ఆ పప్పు బయటికి పెట్టొద్దు. ఆ ఆకు తినేది కాదు. దొరసాని చెప్పింది."

"దొరసాని నీకొక్కదానికే చెప్తుందిలే. అప్పుడు పండక్కి కల్లు పోసినానంటివి. ఇప్పుడు ఆకు పనికిరాదంటాండావు. రేపు నా చెయ్యే పనికిరాదంటావు."

"కాడ తినాల మే. ఆకు పారేయాల."

"కాడ ఎద్దులు తింటాయి. నువ్వూ తిను, ఎవురొద్దన్నారు."

షాహీదాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కరుణమ్మ ఇంకా దగ్గరికి జరిగి చెవిలో చెప్పబోయింది. అప్పుడే గడపలోకి మునెయ్య వచ్చాడు. కాటమయ్య తినేదేదైనా ముందు తను తిని, బీడీ తాగినంతసేపు ఆగి, తర్వాత తల ఊపే మనిషి అతడు.

"పప్పు అయిందామ్మా? అన్న కూచున్యాడు." మునెయ్య కరుణమ్మను చూసి ఆగాడు. "నువ్వు కాంపౌండరు ఇంటామెవి గదా. ఈడేం పని నీకు?"

విషం అనే మాట ఆమె నాలుక మీదికి వచ్చింది. ఆ మాట మునెయ్య చెవిన పడితే ఆ ఇంట్లో మగవాడు సాయంత్రం చూడడు. ఆమె మాట మింగింది. అన్నమ్మ చట్టి పట్టుకుని లేచింది. కరుణమ్మ చట్టి అంచు పట్టి లాగేసింది.

చట్టి పగిలింది. పప్పు నేలంతా పారింది. సగం కరుణమ్మ కుడికాలి మీద పడింది. అన్నమ్మ నెత్తి కొట్టుకుంది. మునెయ్య చెయ్యి నడుము దగ్గరకు పోయింది.

కరుణమ్మ ఆ చెయ్యిని చూసి గొంతు పెంచింది. "పెద్దకోడల్ని నేనుండంగా పెద్దమనుషులు దీని కొంపకెట్ల వస్తారు? ఓవెన్ దీనికే, పార్సిల్ దీనికే, భోజనాలూ దీనికేనా? తిననీలే, పప్పు లేకుండా తిననీ."

ఆ మాటల కోసం ఆమె వెతుక్కోలేదు. గోడ కట్టిన నాటి నుంచి అవి నోట్లోనే ఉన్నాయి.

మునెయ్య చెయ్యి నడుము మీది నుంచి దిగింది. పగలబడి నవ్వాడు. "కొట్లాడుకోండమ్మా. బాంబులు లేకుండా కొట్లాడతాండారు, మాకంటే మీరే నయం" అని పళ్లెంలో రొట్టె ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాడు. సంగతేమిటని వసారాలోంచి కాటమయ్య అడిగాడు. తోడికోడళ్ల కడుపుమంట అన్నా అని మునెయ్య బదులిచ్చాడు. అక్కడ కూడా నవ్వులు లేచాయి. సుబ్బరాయుడు నవ్వలేదు.

కరుణమ్మ దొడ్డి వాకిలి దాటుతుండగా వసారాలోంచి కాటమయ్య గొంతు వినిపించింది. రొట్టె శానా మెత్తగుండాదమ్మా, కోడికూరలోకి బాగుండాది, ఇంకో రెండు తెప్పించు అంటున్నాడు. కాలు మండుతోంది. ఆ మాట విన్నాక కాలు గుర్తు రాలేదు.

జీపులు ప్రొద్దుటూరు దారి పట్టిన కొంతసేపటికి అన్నమ్మ గోడ అంచు పట్టుకుని సందు తిరిగి వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకుని కరుణమ్మ మాటలు సిద్ధం చేసుకుంది. అన్నమ్మ గడపలోనే కూలబడింది. పెంకులో మిగిలిన పప్పు పారబోయడానికి మనసొప్పక సంగట్లో కలుపుకుని తిన్నదట. నోరంతా మంట, కడుపులో తిప్పు, రెండు వాంతులు. ఆనందయ్య మరదల్ని చాపమీద పడుకోబెట్టి, పాలు తాగించి, ఆసుపత్రి నుంచి మందు తెచ్చాడు. గోడ కట్టాక ఆమెతో అతడు మాట్లాడింది కూడా ఆ రోజే. పొద్దు వాలేసరికి ఆమె లేచి కూర్చుంది.

"గట్టిగా చెప్పుంటే ఏంపోయె?" అంది.

"మునెయ్య గడపలో ఉండాడు. విషమని నేనంటే వాడు పప్పును అడుగుతాడా, నిన్ను అడుగుతాడా?"

అన్నమ్మ కరుణమ్మ కాలికి కట్టిన కట్టు వైపు చూసింది. "మొన్ననే చెప్పుండొచ్చు. మొక్క మొలిచినప్పుడే."

"అడుగుతావేమోనని చూస్తాంటి."

అన్నమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. పొయ్యి మీద బెల్లంలో ఉడుకుతున్న ఎర్ర కాడలను చూసింది. అవి తన పెరటివని అర్థమైంది. అడగలేదు. గిన్నెలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని వెళ్లిపోయింది.

జరిగింది ఇద్దరూ బయట చెప్పలేదు. చెబితే కాటమయ్య మనుషుల దాకా పోతుంది. అందుకని వీధిలో ఒక్క కథే మిగిలింది. మరిది ఇంటికి నాయకుడు వచ్చాడని ఓర్వలేక కరుణమ్మ పప్పు చట్టి పగలగొట్టింది. చర్చిలో ఆడవాళ్లు ఆమెను చూసి మాట ఆపేవారు. ఆ కథలో అబద్ధం ఎంతో తనకే తెలియదు కాబట్టి ఆమె కూడా ఎవరినీ ఖండించలేదు.

రెండో రోజు గోడ మీద పళ్లెం ఒకటి కనిపించింది. గుడ్డ తీస్తే రొట్టెలు. గోడవతల ఎవరూ లేరు. కరుణమ్మ ఒకటి తెచ్చుకుని తుంచి లోపల చూసింది. వాసన చూసింది. ఉప్పు ఎక్కువైందేమోనని నమిలింది. ఉర్లగడ్డ ఉండలు తగులుతాయేమోనని మెల్లగా నమిలింది. వంక వెతుకుతుండగానే రొట్టె అయిపోయింది. వంక దొరకలేదు.

కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ వెళ్లి రెండోది తీసుకుంది.