ముఖం చోట

ఉదయం పదకొండుంబావుకు పాలిష్ చక్రం మూడడుగుల స్టీలు రేకును లాక్కుని మేస్త్రి మీదికి విసిరింది. రేకు అంచు మెడలో దిగింది.

ఆ పూట ఏడింటికే షెడ్డు తెరిచాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని: చక్రానికి మైనం పట్టించడం, రేకు అద్దమయ్యేదాకా దానికి ఒత్తడం. చక్రం ఊరుకోలేదు. ఎడమచేతి రెండు వేళ్ళ కొసలు తీసుకుంది. ఓసారి పక్కటెముక విరిచింది, ఇంకోసారి భుజం చీల్చి తొమ్మిది కుట్లు వేయించింది.

ఆ మచ్చలు చూశాకే ఒక చిత్రకారిణి అతని బొమ్మ వేసింది. ఆమె మనుషుల ఒళ్ళు వేసేది అతను మెరిపించిన రేకుల మీదే. కుట్లు, ఎముక విరిగిన చోట గుంట, చాచిన రెండు చేతులు, ఒక్కటీ వదల్లేదు. ముఖం మాత్రం వేయలేదు. అక్కడ వట్టి స్టీలు. చూసేవాళ్ళ ముఖం అందులో పడాలంది.

"తల లేకపోతే అది నేనని మా ఆవిడ నమ్మదు మేడం," అన్నాడు మేస్త్రి.

ఇంట్లో చెబితే భార్య నవ్వింది. "తలతో నీకేం పని? ఎప్పుడైనా వాడితే కదా." అయినా ఆ బొమ్మల ప్రదర్శన మొదటిరోజుకని కొత్త చెప్పులు కొనుక్కుంది.

ఆ రోజు పదిన్నరకు చిత్రకారిణి ఆ బొమ్మ రేకు పట్టుకుని షెడ్డుకు వచ్చింది. ముఖం చోట గీత పడింది. మధ్యాహ్నం ప్రదర్శనకు తీసుకెళ్ళే బండి వస్తుందనీ, గీత పోకపోతే ఈ బొమ్మ వెళ్ళదనీ చెప్పింది.

"పోతుంది. మీరు టీ తాగి రండి."

రేకును చెక్క చట్రంలో పెట్టి, నాలుగు ఇనప బిగింపులు వేశాకే చక్రానికి ఆనించాలి. కొత్తవాళ్ళకు అతను మొదట నేర్పేది అదే. కానీ బొమ్మలో చేతులు అంచుదాకా ఉన్నాయి. బిగింపు వచ్చి సరిగ్గా ఆ తెగిన వేళ్ళ రంగు మీదే పడుతోంది. మేస్త్రి చట్రం పక్కన పెట్టి, రేకును చేతులతోనే పట్టుకున్నాడు.

చక్రం శబ్దం మారితే షెడ్డులో అవతల పనిచేస్తున్న వెల్డరు తిరిగి చూశాడు. నెత్తురు పైకప్పుదాకా చిమ్మింది. పరుగెత్తి రెండు చేతులతో మేస్త్రి మెడ అదిమిపట్టాడు. వేళ్ళ సందుల్లోంచి వస్తూనే ఉంది. అంబులెన్సు వచ్చేసరికి ఆగిపోయింది.

పోలీసులు ఫొటోలు తీసుకుని వెళ్ళాక భార్య షెడ్డులోకి వచ్చింది.

"ఎందుకు బిగించలేదో తెలీదక్కా," అన్నాడు వెల్డరు. "మాకు నేర్పిందే ఆయన."

రేకు గోడకు ఆనించి ఉంది. ఒక మూల వంగింది. చేతుల మీద రంగు చెదరలేదు. ఆమె బల్ల మీది అతని గుడ్డ తీసుకుని, ముఖం చోట మైనం, నెత్తురు తుడిచింది. అందులో ఆమె ముఖం కనిపించింది. గీత లేదు.