ఉప్పునీళ్ళలో తెల్లబడ్డ ఇసుక

రేవతి తన యంత్రాలతో ఆ ఊరికి చేరిన రోజే, ఊరి బోరు నుంచి నీళ్ళు తెస్తున్న ట్యాంకరును ఊరివాళ్ళు ఆపేశారు.

నెల్లూరుకు దక్షిణాన కోట టౌను దాటి సముద్రం వైపు పోతే వస్తుంది ఆ ఊరు. పాతికేళ్ళ కిందట అక్కడ ఇసుక కడిగి గాజు ఫ్యాక్టరీలకు పంపేవాళ్ళు. పనికిరాదని పక్కన పోసిన గోధుమరంగు ఇసుక గుట్టలు గుట్టలుగా అలాగే ఉండిపోయింది. అందులో ఇనుము ఎక్కువ. దాన్ని తీసేయగలిగితే సోలార్ పలకల మీద వేసే తెల్లగాజుకు అదే ఇసుక పనికొస్తుంది. నెల్లూరు పరిశోధనశాలలో రేవతి ఆ పని చేసి చూపించింది. పది లక్షల పాళ్ళలో ఇనుము నూట ఇరవై పాళ్ళకు మించకూడదన్నది గాజువాళ్ళ షరతు. ఆమె నూట అయిదుకు తెచ్చింది. ఇప్పుడు గుట్టల పక్కనే రేకుల షెడ్డు వేసి టన్నుల లెక్కన చేసి చూపించాలి. టన్నుకు ఎనిమిది వేల లీటర్ల మంచినీళ్ళు కావాలి.

"మా బోర్లు రెండు ఇప్పటికే ఉప్పుబట్టినాయి," అంది సర్పంచి వెంకటశేషమ్మ, ట్యాంకరుకు అడ్డంగా నిలబడి. "మిగిలిండేది ఒకటే. అది గూడా మీ ఇసక్కి పోస్తే మా బిడ్డలు ఏం తాగాల? నువ్వే చెప్పమ్మా."

రేవతిది బుచ్చిరెడ్డిపాలెం. నాన్నకు నాలుగెకరాల మాగాణి. కాలవ నీళ్ళ వంతు కోసం సొంత అన్నదమ్ములు పారలెత్తుకోవడం చిన్నప్పుడు కళ్ళారా చూసింది. ట్యాంకరును వెనక్కి పంపేసి, పై అధికారి నరేంద్రబాబుకు ఫోన్ చేసింది.

"ఆమె అడిగింది న్యాయమే సార్. సముద్రం పక్కనే ఉంది కదా, ఆ నీళ్ళతో చేద్దాం."

నరేంద్రబాబుకు ఈ రంగంలో ముప్పై ఏళ్ళ అనుభవం. "ఆ నీళ్ళలో సబ్బు నురగే రాదమ్మా. నీ ఇసక్కి నురగ ఎట్ట తెప్పిస్తావు?" అన్నాడు.

"సబ్బు జాతి మందు వద్దు సార్. ఉప్పుకు తట్టుకునే మందులు వేరే ఉన్నాయి."

నరేంద్రబాబు గడువు పెట్టాడు. "డిసెంబరు ఆఖరుదాకా చూడు. అప్పటికీ రాకపోతే షెడ్డు విప్పేసి మిషన్లు వెనక్కి తెప్పిస్తా. నన్ను అనుకోవద్దు."

పనిలో రెండు దశలు ఉన్నాయి. మొదట ఇసుకను చిక్కటి ముద్దలా తొట్టిలో వేసి తిప్పాలి. రేణువులు ఒకదాన్నొకటి తోముకుని ఒంటికి పట్టిన ఎర్రమట్టి వదిలేస్తాయి. తరవాత పలచన చేసి, మందు కలిపి, అడుగు నుంచి గాలి ఊదాలి. ఇనుమున్న నల్లటి రేణువులు బుడగలకు అంటుకుని నురగతో పైకి తేలతాయి. తెల్ల ఇసుక అడుగున మిగులుతుంది.

సముద్రపు నీళ్ళలో నురగ రాదన్న నరేంద్రబాబు భయం వట్టిదే అయింది. కొత్త మందుతో నురగ దట్టంగా, పాలపొంగులా లేచింది. రేవతి సంబరపడింది. కానీ కడిగిన ఇసుకను పరీక్షించి అంకె చెప్పే ఎలిశబెతు ముఖంలో సంబరం లేదు.

"మూడువందల నలభై," అంది ఎలిశబెతు. ఆమె కావలి మనిషి, రేవతికన్నా పదేళ్ళు పెద్ద. ఇసుకలో ఇనుము కొలవడంలో ఆమె చెయ్యి తప్పడం ఎవరూ చూడలేదు.

రేవతి మందు మార్చింది. మోతాదు మార్చింది. గాలి పెంచింది, తగ్గించింది. మూడువందల యాభై. మూడువందల ముప్పై ఎనిమిది. జూన్ పోయింది, వినాయకచవితి పోయింది, దసరా పోయింది. నలభై ఒక్క పరీక్షలయ్యాయి. అంకె మాత్రం అక్కడే కూర్చుంది.

"నేను కొలవడంలో ఏమన్నా తేడా ఉందేమో, నెల్లూరు పంపిద్దామా?" అని ఎలిశబెతే ఒకరోజు అడిగింది.

"నీ అంకె మీద నాకు అనుమానం లేదక్కా. నా బుర్ర మీదే," అంది రేవతి. ఆ సాయంత్రం బస్సులో కిటికీ వైపు తిరిగి, ఎవరికీ కనపడకుండా ఏడ్చింది.

నవంబరులో వానలు పట్టుకున్నాయి. స్వర్ణముఖి పొంగి ఎర్రటి నీళ్ళను సముద్రంలోకి తోస్తోంది. ఒడ్డునంతా బురద కావడంతో పరీక్షకు శుభ్రమైన సముద్రపు నీళ్ళు కావాలంటే లోపలికి పోవాల్సి వచ్చింది. వాన తెరిపి ఇచ్చిన ఒక ఉదయం రేవతి అయిదు ఖాళీ క్యాన్లతో చిన్నపోలయ్య పడవ ఎక్కింది. చిన్నపోలయ్య ఆ ఊరి జాలరి.

ఏరు సముద్రంలో కలిసే మొగ దాటగానే నీళ్ళ మీద గీత గీసినట్టు కనపడింది. ఇటు ఎరుపు, అటు పచ్చన. ఆ గీత మీద ముందురోజు వేసిన వలను చిన్నపోలయ్య పైకి లాగుతూ తిట్టుకుంటున్నాడు. వల నిండా జిగురు బురద. చేపలు నాలుగు కూడా లేవు.

"ఆ పచ్చనీళ్ళలో జాడిస్తే పోదా అన్నా?" అంది రేవతి.

"ఉప్పునీళ్ళలో యాడ పోతాదమ్మా? జాడించే కొద్దీ మళ్ళీ వచ్చి పట్టుకుంటాది. ఏట్లోకి తీసకపోయి జాడించాల. మంచినీళ్ళు తగిల్తే చాలు, ఇడిసిపెట్టేస్తాది. ఆనక సముద్రంలో ఎన్నిసార్లు ముంచినా ఏం గాదు."

క్యాన్ మూత తిప్పుతున్న రేవతి చెయ్యి ఆగిపోయింది.

ఉప్పు తగిలితే మట్టి ముద్దకట్టి అంటుకుంటుందని ఆమె పుస్తకాల్లో ఎప్పుడో చదివింది. చదివినా తట్టలేదు. ఆరు నెలలుగా ఆమె అనుమానమంతా నురగ మీదే. తోమే తొట్టి వైపు చూడనే లేదు. తొట్టిలో ఇసుక మట్టిని వదులుతూనే ఉంది. అందులో సముద్రపు నీళ్ళు ఉండబట్టి, వదిలిన మట్టి మళ్ళీ వచ్చి రేణువుకు పట్టుకుంటోంది. మిగిలిపోతున్న ఇనుమంతా ఆ మట్టిలోనే ఉంది.

"పోలయ్యన్నా, పడవ తిప్పు. తొందరగా పోవాల!"

"సగం వల నీళ్ళలోనే ఉండాది గదా మేడమ్!"

రేవతి చున్నీ నడుముకు బిగించి, వల రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి లాగారు. ఒడ్డు చేరేసరికి ఆమె మోచేతులదాకా బురదే.

తోమడానికి మంచినీళ్ళు కావాలి, కానీ ముద్ద తడవడానికి సరిపడా కొద్దిగా చాలు. గుట్టల వెనక ఇసుక తవ్వగా మిగిలిన పాత గుంటల్లో వాననీళ్ళు నిలిచి ఉన్నాయి. వాటినే రెండు బక్కెట్లు తెచ్చింది. ఆ నీళ్ళతో తోమి, వదిలిన మట్టిని వంచేసింది. నురగకు మాత్రం సముద్రపు నీళ్ళే పోసింది. చివర్లో ఉప్పు పోవడానికి మళ్ళీ కాసిని వాననీళ్ళతో కడిగింది. అడుగున మిగిలిన ఇసుకను ఎండబెట్టి ఎలిశబెతు చేతికిచ్చింది.

ఎలిశబెతు అంకె చూసింది. ఇంకోసారి కొలిచింది. మూడోసారి కొలిచాక కుర్చీలోంచి లేచి నిలబడింది.

"తొంభై ఆరు, రేవతీ! వంద కూడా లేదు!"

"అక్కా, మళ్ళీ చెప్పు."

"తొంభై ఆరు! దేవునికి స్తోత్రం, తొంభై ఆరు!"

నరేంద్రబాబు మరునాడే వచ్చాడు. అభినందనలేమీ చెప్పలేదు. ప్యాంటు మడిచి, గుట్టలో తనకు నచ్చిన చోట తనే ఇసుక తవ్వుకుని, తనే తోమి, తనే నురగ తీశాడు. మొదటిసారి నూట రెండు. రెండోసారి తొంభై తొమ్మిది. అప్పుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఉప్పునీళ్ళలో కాదని ముప్పై ఏళ్ళుగా పిల్లకాయలకు పాఠం చెప్తా వచ్చినాను. ఆ పాఠం మార్చుకోవాల," అన్నాడు.

జనవరిలో పెద్ద పరీక్ష జరిగింది. మూడు పగళ్ళు షెడ్డు ఆగకుండా నడిచింది. రెండో రోజు సముద్రపు నీళ్ళు తోడే పంపు మొరాయిస్తే చిన్నపోలయ్య, అతని తమ్ముడు పోలేరయ్య తమ పడవ ఇంజను తెచ్చి తగిలించారు. ఊళ్ళో ఆడవాళ్ళు పని మధ్యలో వచ్చి చూసి పోతున్నారు. ఊరి బోరు నుంచి ఒక్క బిందె నీళ్ళు కూడా షెడ్డులోకి రాలేదు. మూడో రోజు మధ్యాహ్నానికి ఇరవై టన్నుల ఇసుక షెడ్డు ముందు కుప్పగా పడింది. ఎండలో దాన్ని తేరిపార చూడలేకపోయారు, అంత తెలుపు.

గాజు కంపెనీ మనుషులు నమ్మలేదు. కుప్పలో పన్నెండు చోట్ల నుంచి ఇసుక తీసి మూటలు కట్టి, సొంత ల్యాబుకు తీసుకెళ్ళారు. ఫలితం కోసం తొమ్మిది రోజులు ఎదురు చూడాల్సి వచ్చింది. పదో రోజు మధ్యాహ్నం నరేంద్రబాబు ఫోన్ స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచాడు.

"పన్నెండింటిలో ఒక్కటి కూడా నూట అయిదు దాటలేదు సార్," అంది అవతలి గొంతు. "ఈ ఇసుక మాకే కావాలి. గుట్టలు మొత్తం."

షెడ్డులో ఈలలు, కేకలు. పోలేరయ్య ఖాళీ డ్రమ్ము బోర్లేసి వాయించడం మొదలుపెట్టాడు. నరేంద్రబాబు ఆ గోలలోనే గొంతు పెంచి, "ఇక్కడ కట్టే ప్లాంటుకు హెడ్ రేవతి గారే! నేను రాసి పంపించేసినాను!" అన్నాడు. ఆయన నోట 'గారు' వినడం రేవతికి అదే మొదటిసారి.

ఎలిశబెతు ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. ఇద్దరూ చెప్పులు విడిచి, మిట్టమధ్యాహ్నపు ఎండలో కాళ్ళు చురచుర కాలుతుంటే పరుగెత్తారు. ఇన్ని నెలల్లో క్యాన్ల కొద్దీ సముద్రాన్ని మోశారు గానీ ఒక్కసారైనా అందులో మునగలేదు.

మొదటి అలకే ఎలిశబెతు జారి కూలబడింది. రేవతి పగలబడి నవ్వుతూ, బట్టలతోనే ఆమె పక్కన దూకేసింది.